గేటు బయట ఎకనామిక్స్

ప్రిన్సిపాల్ గారు తన ప్లేటులోని శింగాడాని నా వైపు జరిపిన క్షణంలోనే నాకు అనుమానం వచ్చింది. శింగాడా అంటే మన సమోసాయే. ఆయన దాన్ని ఎవరికీ పెట్టరు. ఆడిటర్లు వచ్చినా, పై ఆఫీసు పెద్దలు వచ్చినా ఉత్త టీతో సాగనంపుతారు. అలాంటిది ఒక పార్ట్‌టైమ్ లెక్చరర్‌కి, అదీ వేడివేడిది!

ముట్టుకోకుండానే "ఏమైంది సార్?" అన్నాను.

"ముందు తినండి," అన్నారు. దాంతో అనుమానం కాస్తా రూఢి అయింది.

సగం తిన్నాక సంగతి బయటపడింది. "ఎకనామిక్స్ ఆనర్సులో ఎందరు చేరారు?"

"ఏడుగురు సార్."

"పదిమందైనా లేకపోతే ఈ ఏడు ఆనర్సు నడపలేం. కమిటీ తేల్చేసింది. ఆనర్సు లేకపోయినా మీ హెడ్డుగారు ఉంటారు. లెక్కలు చెప్పే ఆయనా ఉంటారు. ఇద్దరూ పర్మనెంటు కదా. ఇక మీరు..."

"మీరు" తర్వాత ఏమనాలో తోచక, ఆయన నా ప్లేటులో మిగిలిన సగం శింగాడా వైపు చూశారు.

మన కలకత్తా తెలుగు సంఘం వార్షిక సంచికకి, ఎకనామిక్స్ చదివితే ఏం ఉద్యోగాలు వస్తాయో పన్నెండు పాసైన పిల్లలకి పనికొచ్చేలా రాయమన్నారు. నా పిల్లలిద్దరూ పడుకున్నాక వంటింట్లో పీట వేసుకుని రాస్తున్నాను. ఇంతవరకు రాసేలోపే రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చాను. ఇద్దరూ ఊపిరి తీసుకుంటున్నారు. పుట్టినప్పటి నుంచీ తీసుకుంటూనే ఉన్నారు, అయినా చూడకపోతే నాకు తోచదు. ఇల్లు మారాక ఆ కాలేజీ మానేశాను కాబట్టి ఇప్పుడు నిర్భయంగా రాయొచ్చు. మీలో సగంమందికి తెలుగు చదవడం రాదనీ తెలుసు. మీ అమ్మలు చదివి వినిపిస్తారు. మధ్యలో వాళ్ళకి నచ్చని ముక్కలు దాటేస్తారు. అవి కూడా అడిగి చదివించుకోండి.

మా కాలేజీ ఖిదిర్‌పూర్ ట్రాము లైను పక్కన ఉండేది. డిపార్ట్‌మెంటు అంటే ఒక గది. అందులోనూ సగమే మాది. రెండు బీరువాలు అడ్డం పెట్టి మిగతా సగం జాగ్రఫీ వాళ్ళకిచ్చారు. ఇటువైపు నుంచి అలిగి వెళ్ళిన ప్రతి విద్యార్థీ బీరువాలు చుట్టి అటువైపు తేలేవాడు. అడ్మిషన్ల రోజుల్లో జాగ్రఫీ వాళ్ళు మాతో చాలా మర్యాదగా ఉండేవాళ్ళు.

మా హెడ్డుగారు మంచి మనిషి. తెల్ల పంచె, భుజాన గుడ్డ సంచీ, చిన్నప్పటి నుంచీ ఎర్ర జెండా. రాష్ట్రంలో వాళ్ళ ప్రభుత్వం వచ్చి నా వయసంత కాలమైనా, ఆయన మాత్రం ఇంకా ప్రతిపక్షంలో ఉన్నట్టే కోపంగా ఉండేవారు. చదువుని కొట్లో సరుకులా అమ్మకూడదని ఆయన సిద్ధాంతం. తల్లులెవరైనా వచ్చి "ఇది చదివితే ఉద్యోగం వస్తుందా మాస్టారూ?" అని అడిగితే, ఉద్యోగం అనే మాట చరిత్రలో ఎప్పుడు పుట్టిందో అక్కడి నుంచి మొదలుపెట్టేవారు. ఆవిడ ఫ్యాక్టరీలు వచ్చేదాకా ఓపిక పట్టి, బీరువాలు చుట్టేది.

లెక్కలు చెప్పే సహోద్యోగిది ఇంకో దారి. పిల్లల్లో ఆసక్తి ఉందో లేదో చూడాలని, వచ్చిన వాళ్ళందరి చేతికీ ఒక లెక్క ఇచ్చేవాడు. ఆ లెక్క నాకే చెమటలు పట్టించేది. ఇద్దరమ్మాయిలు దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని నేరుగా బెంగాలీ సాహిత్యంలో చేరిపోయారు.

వీళ్ళిద్దరితో లాభం లేదని నేను చార్టు కట్టాను. తెల్ల చార్టు కాగితం మీద రంగు పెన్నులతో బ్యాంకులు, బీమా కంపెనీలు, కేంద్రం వాళ్ళ గణాంక శాఖ పరీక్షలు, పత్రికలు, పరిశోధన సంస్థలు, ఎం.బి.ఏ. అని రాసి, చుట్టూ పువ్వులు కూడా వేశాను. ఒకావిడ దాన్ని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, "వీటిలో మీరు ఏది దిదీ?" అంది.

నేను చేసేది ఆ చార్టులో లేదు.

అసలు నా సంగతే చెప్పాలి. ఎం.ఏ. అయ్యాక నా మొదటి ఉద్యోగం, ఒక సర్వే కంపెనీ తరఫున బెహాలా వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ఏ సబ్బు వాడతారో అడగడం. ఒకావిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఇంత చదివి సబ్బు గురించి అడుగుతున్నావా తల్లీ, మీ ఇంట్లో తెలుసా?" అని జాలిపడింది. తర్వాత పెళ్ళి, పిల్లలు, ఆ తర్వాత ఈ కాలేజీ. మావారిది బ్యాంకు ఉద్యోగం కాబట్టి నా ఉద్యోగం పోతే పొయ్యి ఆరిపోదు. కానీ రోజుకి కొన్ని గంటలైనా నన్ను ఎవరో ఒకరు "మేడమ్" అనేవారు. మిగతా గంటలన్నీ "అమ్మా, వీడు గిల్లాడు"లే. ఆ "మేడమ్" పోతుందంటే నాకు అన్నం సహించలేదు.

ఆ వారంలోనే ఒకమ్మాయి వచ్చింది. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు డాక్‌లో స్థిరపడిన కుటుంబం, తండ్రి క్రేన్ డ్రైవరు. లెక్కల్లో మంచి మార్కులు. మా లెక్కలాయన ఇచ్చిన లెక్కని నిలబడే చేసి, రెండో లైనులో ఆయన చేసిన తప్పు కూడా చూపించింది. ఆయన ఆనందంతో కుర్చీలోంచి లేచాడు.

"నాకు ఇదే చదవాలనుంది మేడమ్. మా నాన్నే ఒప్పుకోవడం లేదు. బి.కాం. అంటున్నాడు."

"ఆయన్ని ఒకసారి తీసుకురా. నేను మాట్లాడతాను."

"ఎలా వస్తాడు? మీరున్నప్పుడు ఆయనకి డ్యూటీ. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మీరుండరు."

అప్పుడు గమనించాను. మా గదికి ఇన్నాళ్ళూ తల్లులూ పిల్లలే వస్తున్నారు. ఇళ్ళల్లో ఔనో కాదో చెప్పే తండ్రులు ఒక్కరూ రాలేదు. వాళ్ళంతా డాక్‌లో ఉన్నారు.

ఇంతలో ఇంకో పిడుగు పడింది. అడ్మిషన్ల ఆఖరి రోజుకి సరిగ్గా ముందు రోజు సమ్మె. డాక్‌లు, బస్సులు, కాలేజీలు అన్నీ బంద్. సమ్మెకి పిలిచింది మా హెడ్డుగారి పార్టీవాళ్ళే. ఆయన పరిస్థితి చూడాలి. పొద్దున సమ్మె విజయవంతం కావాలని కరపత్రం పంచారు, మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు మునిగిపోతోందని తల పట్టుకున్నారు.

"ఒక్క రోజు పోతుంది," అన్నారు. "ఇక మిగిలేది ఒక్క రోజే."

"సార్, రేపు మనం గేటు బయట కూర్చుందాం," అన్నాను.

"సమ్మె రోజు పని చెయ్యమంటావా? నన్నా?"

"పనెందుకు సార్? టీ తాగుతూ ఊరికే మాట్లాడుకుందాం. అడ్డా పెట్టుకోవడం పని కిందికొస్తుందా?"

కలకత్తాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ అడ్డా అంటే పనీ పాటా లేని కబుర్లు. బెంగాలీవాళ్ళు భోజనమైనా మానుకుంటారు గానీ దాన్ని మానుకోరు. హెడ్డుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అడ్డా పని కాదు. అడ్డా హక్కు," అన్నారు.

ఆ అమ్మాయికి చెప్పాను, రేపు మీ నాన్నగారికి ఎలాగూ సెలవే కదా, టీకి పిలుచుకురా అని.

"టీకి రాడు మేడమ్, తగువుకైతే వస్తాడు," అంది. "మన రేవుకి ఓడలు రావడం తగ్గిపోయింది కదా, దానికి డాక్ కూలీలే కారణమని మీ హెడ్ సార్ అంటున్నారని చెప్తాను."

"అయ్యో, ఆయన అలా అనలేదు!"

"తెలుసు మేడమ్. ఆ మాట హెడ్ సారే చెప్పుకుంటారు లెండి."

బంద్ రోజు పొద్దున మావారికి పిల్లల్ని అప్పగించి, కాచిన నీళ్ళు ఏ సీసాలో ఉన్నాయో మూడుసార్లు చెప్పి బయల్దేరాను. ఎక్కడ రాళ్ళు పడతాయో అని గోడవారగా నడిచాను. రాళ్ళేం లేవు గానీ, ఎవరో కొట్టిన క్రికెట్ బంతి ట్రాము పట్టాల మీదుగా దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. "దిదీ, ఫోర్!" అని అరిచారు కుర్రాళ్ళు.

కాలేజీ గేటుకి తాళం. ఎదురుగా టీ కొట్టు బంద్‌ని గౌరవిస్తూ షట్టరు సగం దించుకుని, మిగతా సగంలోంచి టీ అందిస్తోంది. హెడ్డుగారు, లెక్కలాయన బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి చివర కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి తండ్రి వచ్చాడు. ఒంటరిగా కాదు, వెంట ఇంకో ముగ్గురు తండ్రులు. ఇంట్లో ఉంటే ఆడవాళ్ళు అటక మీద సామాన్లు దింపమంటున్నారని అందరూ కలిసి తగువుకి బయల్దేరారు. అమ్మాయి వెనకాల ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"ఏటి సారూ," అన్నాడు తండ్రి, కూర్చోకుండానే. "ఓడలు రాకపోడానికి మావే కారనమని పిల్లలకి సెప్తన్నారంట?"

హెడ్డుగారికి తెలుగు రాదు. నేను బెంగాలీలో చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నేనా! నేనన్నానా! ఢిల్లీ వాళ్ళ కుట్ర అని ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది ఎవరు దాదా?"

తండ్రికి బెంగాలీ పూర్తిగా అర్థమవుతుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతాడు, దాన్ని నేను హెడ్డుగారికి బెంగాలీలో అందించాల్సిందే. "ఢిల్లీ ఏటి, గిల్లీ ఏటి! గంగలో మట్టి మేటేసీసింది. ఓడకి నీరు సాలక మానేసింది. రోజూ సూస్తన్నోన్ని, నాకు తెల్దేటి?"

"మట్టి తవ్వడానికి డబ్బు ఇవ్వనిది ఎవరు? ఢిల్లీ!"

"తవ్వినా మల్లీ మేటేస్తాది సారూ!"

మిగతా ముగ్గురిలో ఒకరు మట్టి పక్షం, ఒకరు ఢిల్లీ పక్షం. మూడో ఆయన ఇంకో టీ చెప్పాడు. గొంతులు లేస్తున్నాయి. మా లెక్కలాయన ఉండబట్టలేక ఒక ఇటుక ముక్క తీసుకుని పక్క గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. హెడ్డుగారు తగువు ఆపి మరీ, "ఆ గోడ కాదు, అది ఎలక్షన్లకి మావాళ్ళు బుక్ చేసుకున్నారు," అని ఆయన్ని ఇంకో గోడకి పంపారు.

అప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పింది.

"నాన్నా, మట్టి మీ చిన్నప్పుడు లేదా?"

"ఎందుకు నేదు? ఉండీది."

"మరి అప్పుడు ఓడలొచ్చాయి కదా?"

తండ్రి షట్టరు కిందనుంచి ఒక టీ అందుకున్నాడు. హెడ్డుగారు గెలిచినట్టు నవ్వారు. ఆమె ఆయన వైపు తిరిగి బెంగాలీలో అడిగింది. "సార్, ఢిల్లీకి మన పోర్టంటే పడదనుకుందాం. హల్దియా పోర్టు కూడా ఢిల్లీ వాళ్ళదే కదా, కాస్త కిందికి ఇదే నది మీదే కదా. ఓడలు అక్కడికెందుకు పోతున్నాయి?"

ఈసారి ఆయనా ఒక టీ చెప్పారు.

"ఓడలే పెద్దవైపోయాయేమో," అంది తనలో తను అనుకున్నట్టు. "పెద్దవైతే ఏ పోర్టుకి లాభం, ఏ పోర్టుకి నష్టం, అది లెక్క కట్టొచ్చు కదా మేడమ్?"

మా లెక్కలాయన చేతిలో ఇటుక ముక్కతో అలాగే నిలబడిపోయాడు. ఆ ముఖంలో వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

తండ్రి మాత్రం నా వైపు తిరిగాడు. "సూసినారా దిదిమణీ? ఇప్పుడే ఇలగుంది. మీ సదువు సదివితే ఇంక ఇంట్లో మా గతేటి?"

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆయన బల్ల మీద నా ఎదురుగా కూర్చున్నాడు. గొంతు మారింది. "ఒకటే మాట అడుగుతాను. ఆడపిల్లని సదివిస్తన్నాం. ఈ సదువుకి ఉజ్జోగం వస్తాదా, రాదా?"

హెడ్డుగారు నా వైపు చూశారు. నా వెనక గేటుకి తాళం, ఆ తాళం వెనక ఏడుగురు. అవునంటే ఎనిమిది. నోటిదాకా వచ్చింది. కానీ నా కళ్ళ ముందు ఇంట్లో ఉన్న నా కూతురే కనబడింది. రేపు దాని గురించి ఎవరినో నేనూ ఇలాగే అడుగుతాను. అవతల కూర్చున్న మనిషి తన కుర్చీ కోసం నాకు అవునని చెప్తే?

"తెలీదండీ," అన్నాను.

"తెల్దా! మరి ఇన్నేలు సదివి ఏటి నేర్సుకున్నారు?"

"ఇది చదివితే ఈ కుర్చీ ఖాయం అని చెప్పే చదువు కాదండీ ఇది. బ్యాంకు పరీక్ష రాయొచ్చు, కానీ అది బి.కాం. వాళ్ళూ రాయొచ్చు. నాతో చదివినవాళ్ళలో ఒకమ్మాయి బ్యాంకులో ఉంది, ఒకడు పేపర్లో రాస్తున్నాడు, ఒకడు గణాంక శాఖలో. ఇద్దరు ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ ఇంకేదో చదివారు. నేను సబ్బుల గురించి అడిగి, ఇక్కడ తేలాను. పై చదువు ఇంకో రెండేళ్ళు లేకుండా ఇది పెద్దగా అన్నం పెట్టదు. అది ముందే తెలుసుకోండి. కానీ మీ అమ్మాయి ఇందాక అడిగినలాంటివి అడగడానికి మనిషి కావల్సిన చోటు ఎక్కడో ఒకటి ఉంటుంది. దాన్ని తనే వెతుక్కోవాలి. వెతుక్కోగలదనే అనుకుంటున్నాను. ఖాయంగా మాత్రం చెప్పలేను."

హెడ్డుగారు కళ్ళు మూసుకున్నారు. తెలుగు రాకపోయినా, బేరం చెడిందని ఆయనకి అర్థమైనట్టుంది.

తండ్రి టీ పూర్తిగా తాగాడు. మట్టి ముంతని పక్కకి విసిరాడు. "ఉజ్జోగం సంగతి సరే," అన్నాడు. "నాకు సమ్మతే. దాని తోడు సంగతే నాకు ఎటూ తెగట్లేదు."

"తోడేమిటి?"

"ఈళ్ళు నలుగురు గుంటలు. ఈ ముగ్గురి పిల్లలూ, మాదీను. ఒకటో కలాసు నుంచీ కలిసే ఎల్తారు, కలిసే వస్తారు. డాక్ గేటు కాడ నుంచి రోడ్డు ఎలగుంటాదో మీకు తెల్దేటి? నలుగురుంటే ఎవులూ ఏటీ అనరు. ఆ ముగ్గురూ బి.కాం.కి అటు మోమిన్‌పూర్ ఎల్తే, ఇదొక్కతే ఇటు ఎలగొస్తాది?"

ఆ మాట బెంగాలీలో చెప్పి నేను హెడ్డుగారి వైపు చూశాను, ఆయన నా వైపు. మనిషి తన మంచి ఎలా ఎంచుకుంటాడు అని పుస్తకాలు పట్టుకుని పాఠాలు చెప్పేవాళ్ళం. నేను చార్టులో పువ్వులు వేశాను, ఆయన చరిత్ర చెప్పారు, లెక్కలాయన లెక్క ఇచ్చాడు. పిల్లలు ఒక్కొక్కరుగా చేరతారనుకున్నాం ముగ్గురమూ. ఈ వీధుల్లో అమ్మాయిలు చేరేది జట్టుగా అని మాకు తట్టనే లేదు.

"ఆ ముగ్గురినీ నేను అడుగుతాను నాన్నా," అంది అమ్మాయి.

"అడిగీదేటి?" అన్నాడు ఇంకో టీ చెప్పిన మూడో తండ్రి. "మా గుంటకి ఏ సదువైనా ఒకటే. మీ దాని ఎనకాల ఎల్తే సాలు."

నా ప్రాణం లేచొచ్చింది. అయినా నోరు ఊరుకోదు కదా. "లెక్కలు రావాలండీ. రాకపోతే పిల్ల ఏడుస్తుంది. అలాంటప్పుడు జాగ్రఫీ కూడా మంచిదే, అదే గేటు, అదే దారి," అన్నాను. అంటూనే నాలిక కొరుక్కున్నాను. బీరువాల అవతలి వాళ్ళకి నేనే ప్రచారం చేస్తున్నాను.

"లెక్కలు నేను చెప్తాను," అంది ఆ అమ్మాయి. ఆ మాటతో తగువుకి తెర పడింది. నలుగురు తండ్రులూ ఇళ్ళకెళ్ళి ఆలోచిస్తామన్నారు. ఇంటికెళ్తే అటక ఉందని గుర్తొచ్చి, ఇంకో టీ తాగారు.

మర్నాడు ఆఖరి రోజు. పొద్దున్నించీ కుండపోత వాన. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం అయింది. గుమస్తా బల్ల సర్దుకోవడం మొదలుపెట్టాడు. హెడ్డుగారు ఎవరో పిలిచినట్టు రెండుసార్లు గేటు దాకా వెళ్ళి తడిసి వచ్చారు. ప్రిన్సిపాల్ గారు నాతో కళ్ళు కలపకుండా వరండాలో అటూ ఇటూ నడుస్తున్నారు.

అప్పుడు రెండు గొడుగుల కింద నలుగురమ్మాయిలు మోకాలి లోతు నీళ్ళలో నవ్వుకుంటూ వచ్చారు. వెనకాల, పూట సెలవు పెట్టి, గొడుగు లేకుండా ఆ తండ్రి. సంతకాలు పెట్టి, తల తుడుచుకుని, హెడ్డుగారితో బెంగాలీలో అన్నాడు, "సారూ, హల్దియా సంగతి ఇంకా తేల్లేదు. మళ్ళీ సమ్మె ఎప్పుడు?"

మొత్తం పదకొండు. "ఒకటి ఎక్కువే," అన్నాను. హెడ్డుగారు, "మిగులు విలువ!" అని మార్క్స్ మాట పట్టుకుని, తన జోకుకి తనే పగలబడి నవ్వారు. ఆయన అంతలా నవ్వగలరని ఆ రోజే తెలిసింది.

ఆ నలుగురి సంగతి కూడా చెప్పాలి, ఉద్యోగాల గురించి రాయమన్నారు కదా. ఒకమ్మాయి బ్యాంకు పరీక్ష రాసి నెగ్గింది. ఒకమ్మాయి బడిలో పాఠాలు చెప్తోంది. లెక్కలు రాని అమ్మాయి మొదటి ఏడు ఏడ్చి, రెండో ఏడు జాగ్రఫీకి మారి హాయిగా పూర్తిచేసింది, అదే గేటు, అదే దారి. తండ్రితో తగువు పెట్టుకున్న అమ్మాయి ఎం.ఏ. చదువుతోంది, రేవుల మీదే ఏదో రాస్తుందట. తర్వాత ఏం చేస్తుందో దానికీ తెలీదు, వాళ్ళ నాన్నకీ తెలీదు. ఆయన మాత్రం అందరితోనూ "మా గుంట ఎకనామిక్సు" అని చెప్పుకుంటాడు.

అడ్మిషన్ల ఆఖరి రోజు సాయంత్రం నేను తడిసి ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఎందుకో ఏడ్చేశాను. పిల్లలు చూశారు. మామూలుగా నేను వాళ్ళకి అన్నిటికీ "ఏం కాదు, అంతా బాగుంటుంది" అనే చెప్తాను, లోపల వణుకుతూ. మర్నాడు పొద్దున పాలగ్లాసు ముందు కూర్చుని మా అమ్మాయి అడిగింది. "అమ్మా, నీ కాలేజీ మూసేస్తారా?" మా అబ్బాయి కూడా గిల్లడం ఆపి నా ముఖంలోకి చూశాడు.

"ఈ ఏడు మూయరు," అన్నాను. "వచ్చే ఏడు సంగతి అమ్మకి కూడా తెలీదు. పాలు తాగండి."